బావ సీసా, గవర్రాజు గేదె

పరవాడ,
2 జూలై 1983.

తమ్ముడు గురునాథానికి,

అప్ప ఆదిలక్ష్మి దీవెనలు. నువ్వూ, పద్మావతీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా కులాసా అడగకు, నేనే రాస్తాను.

పదకొండో రోజు పొద్దున్న పిండాల దాకా ఉండి, భోజనాల వేళకి పోర్టులో ఓడొచ్చిందని నువ్వు బస్సెక్కేశావు గదా. ఆ తరవాత సంగతి విను. నలభై విస్తళ్లు వేశాం. మీ బావకి ఇష్టమని వంకాయలో మెత్తళ్ల ఎండుచేపలు వేసి కూర వండాను. జనం వచ్చారు, కాళ్లు కడుక్కున్నారు, కూర్చున్నారు. తీరా వడ్డించాక ఒకడికి కడుపునొప్పి, ఒకడికి ఉపవాసం, ఒకడికి పొలంలో గట్టు తెగింది. పక్కింటి సూర్యకాంతమ్మకి ఉన్నపళాన పుట్టింటి మీద బెంగ పుట్టింది. అరగంటలో నలభై విస్తళ్ల నిండా అన్నం ఉంది, ముందు మనిషి లేడు.

ఎందుకో నీకు తెలుసు. అయినా కాగితం మీద పెడితే నా గుండె బరువు కాస్త దిగుతుంది. పోవడానికి మూడు రోజుల ముందు మీ బావ నా గుడ్లు పెట్టే కోళ్లు రెండు ఎవడికో ఇచ్చేసి, పాత చేతిగడియారం తెచ్చుకున్నాడు. అది నడవదు. నడవని గడియారం చేతికి కట్టుకుని కూచుని, కూరలో ఉప్పు చాలలేదని వంక పెట్టాడు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఒక పూట ఉప్పు ఎక్కువంటాడు, ఒక పూట తక్కువంటాడు, సరిపోయిందన్న పూట లేదు. నాకు ఒళ్లు మండింది. వీధి అరుగు మీద పదిమంది వినేట్టు అనేశాను, "రేపట్నించి ఉప్పుకి బదులు గన్నేరుపప్పు నూరి ఏత్తాను, అప్పుడు సరిపోద్దో లేదో సెప్పు" అని.

ఆ తరవాత మూడోనాడు నేనిచ్చిన కేరేజీ పట్టుకుని కూర్మన్నపాలెం వెళ్లాడు, కాంట్రాక్టరు సిమెంటు గోడౌను కాపలాకి. మధ్యాహ్నం తిన్నాడు, కేరేజీ కడిగి బోర్లించాడు, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. కోసి చూసిన డాక్టరుకి ఏమీ తేలక, విషం పరీక్షకి పంపాలన్నాడు. కానిస్టేబులు నాతో అన్నది ఒక్కటే మాట, "రిపోర్టొచ్చీవరకూ ఏటీ సెప్పలేం."

నువ్వు పట్నంలో ఉన్నావు, నాలుగు ఆఫీసులు తిరగగలవు. ఏడాది తిరిగి సంవత్సరీకం నాటికి ఆ కాగితం నా చేతిలో ఉండాలి. ఆ రోజు కూడా నా చేతి అన్నం విస్తళ్లలో మిగిలిపోతే ఈ ఊళ్లో నేను బతకలేను.

నీ అప్ప,
ఆదిలక్ష్మి.


విశాఖపట్నం,
20 జూలై 1983.

అప్పకి,

గురునాథం దండాలు. నీ ఉత్తరం చదివి పద్మావతి ఏడ్చింది. ఆ రోజు నేను ఉండవలసింది. ఓడ మాత్రం నిజంగానే వచ్చింది. బస్తాలు లెక్క రాసే గుమాస్తాని, ఓడొస్తే నేను ఉండక తప్పదు.

స్టేషనుకి వెళ్లాను. నరసింహమూర్తి అని ఒక కానిస్టేబులు, మంచివాడే. ఆయన చెప్పిన ప్రకారం, బావ కడుపులోంచి కొంత తీసి గాజుసీసాలో పెట్టి, చెడిపోకుండా నిండా ఉప్పునీళ్లు పోసి, లక్కతో సీలు వేశారు. నంబరు నూట పద్నాలుగు. దాన్ని ఆయనే రైల్లో తీసుకెళ్లి పైఊరి లేబరేటరీలో అప్పగించాడు. చాలా జాగ్రత్తగా తీసుకెళ్లానని మూడుసార్లు చెప్పాడు. అడగకుండా మూడుసార్లు ఎందుకు చెప్పాడో నాకు బోధపడలేదు.

ఉప్పునీళ్ల మాట విన్నప్పుడు నవ్వకూడని చోట నాకు నవ్వొచ్చింది, క్షమించు. ఉప్పు చాలలేదని బావ ఇప్పుడు అనలేడు.

ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, ముందు నంబర్లన్నీ అయ్యాకే మన నంబరు అన్నాడు. తొందరగా కానిమ్మని అర్జీ పెట్టుకుంటాం అన్నాను. "పోయినోళ్లకి తొందరేటుంటాది బాబూ" అన్నాడు. తొందర ఉన్నవాళ్లకే అని నేను అనేలోగా ఆయనకి టీ వచ్చింది.

వేళకి తిను. నేను తిరుగుతూనే ఉంటాను.

నీ తమ్ముడు,
గురునాథరావు.


పరవాడ,
28 ఆగస్టు 1983.

తమ్ముడికి,

మన ఊరు ఇప్పుడు మూడు పార్టీలైంది. పంచాయతీ ఎన్నికలకి కూడా ఇంత పట్టుదల చూడలేదు. ఒక పార్టీ, తప్పంతా మెత్తళ్లదంటుంది. ఎండబెట్టినప్పుడు ఏదో పురుగు పట్టిందని. రెండో పార్టీ, నా నోటిదంటుంది. మూడో పార్టీ, ఆగిపోయిన గడియారం కట్టుకోవడం వల్లే ఆయన గుండె కూడా ఆగిందంటుంది. మూడో పార్టీలో ఉన్నది ముగ్గురే, కానీ వాళ్లే గట్టిగా మాట్లాడుతున్నారు. ఆ గడియారం పోలీసుల దగ్గర సంచీలో ఉందట. దాన్ని కూడా పరీక్షకి పంపించమని సర్పంచిని అడుగుతున్నారు.

మెత్తళ్లు అమ్మే నూకాలు వచ్చింది, సముద్రపు ఒడ్డు నుంచి గంప నెత్తిన పెట్టుకుని. ఊళ్లో తన బేరం పడిపోయిందని మండిపడుతూ, నాలుగు వీధుల కూడలిలో నిలబడి, వండని ఎండు మెత్తళ్లు గుప్పెడు అందరి ముందూ కరకర నమిలి మింగింది. తరవాత నా గుమ్మం ముందుకొచ్చి, "మా సేపల్లో ఇసం నేదమ్మా, నీ నోట్లోనే ఉంది" అని పోయింది. ఇన్నాళ్లలో ఎవరి మాటా నాకు అంత తగల్లేదు.

నువ్వు మొన్న ఆదివారం వచ్చినప్పుడు కూర్మన్నపాలెంలో హోటల్లో తినొచ్చానన్నావు. పప్పు బాగుందన్నావు. నా పప్పు కంటేనా?

నీ అప్ప.


విశాఖపట్నం,
16 అక్టోబరు 1983.

అప్పకి,

లేబరేటరీ వాళ్ల నుంచి ఒక ఫారం వచ్చింది. పద్దెనిమిది గడులు. ఏడో గడిలో, "సీసాలోని పదార్థము ఎవరిదో వారి సంతకము" అని ఉంది. నరసింహమూర్తీ నేనూ ఒక పూటంతా ఆ గడి ముందు కూర్చున్నాం. ఆయన వేలిముద్ర చాలేమో అన్నాడు. ఎవరి వేలు అన్నాను. ఆఖరికి, "సదరు వ్యక్తి సంతకము చేయగల స్థితిలో లేరు" అని రాసి పంపాం. పదిహేను రోజులకి జవాబొచ్చింది. "ఎప్పటికి చేయగలరో తెలుపవలెను."

ఇది నీకు రాయకూడదనుకున్నాను, కానీ ఒంటరిగా ఎంతకని నవ్వుకోను? బావే ఉంటే ఆ ఫారం పట్టుకుని ఊరంతా తిరిగి చదివి వినిపించేవాడు. మేమిద్దరం మళ్లీ వివరంగా, అయ్యా ఆయన చనిపోయాడు, అందుకే ఈ సీసా అని రాశాం.

పండగలకి రాలేను, ఎరువుల ఓడలు వరసగా ఉన్నాయి.

నీ తమ్ముడు.


పరవాడ,
4 డిసెంబరు 1983.

తమ్ముడికి,

కోతలయ్యాయి. కూలీలు ఎవరి అన్నం వాళ్లే మూటగట్టుకొచ్చారు. నేను మజ్జిగిస్తే తీసుకుని, నేను అటు తిరగ్గానే గట్టు మీద పోశారు. గట్టు తెల్లగా కనిపించింది, అందుకని తెలిసింది.

అలవాటు చావక రెండు పూటలా వండుతున్నాను. వీధికుక్కకి పెడుతున్నాను. అది నల్లగా నిగనిగలాడుతోంది. ఊరంతా రోజూ పొద్దున్నే లేచి అది బతికే ఉందా లేదా అని చూస్తున్నారు. బతికి ఉండడమే కాక మొన్న నాలుగు పిల్లల్ని పెట్టింది. ఇక నమ్ముతారనుకున్నాను. సూర్యకాంతమ్మ, కుక్కలకి గన్నేరు ఎక్కదని తేల్చింది.

నాకు ఆకలి ఉండటం లేదు. అటుకులు నానబెట్టుకుంటే ఆ పూటకి సరిపోతోంది. బెంగపెట్టుకోకు. కాగితం ఎంతవరకు వచ్చిందో రాయి.

నీ అప్ప.


విశాఖపట్నం,
9 జనవరి 1984.

అప్పకి,

రిపోర్టు ఇంకా రాలేదు. వస్తే నేనే రాస్తాను. మాటిమాటికీ నువ్వు రాయనక్కర్లేదు, నాకు ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

ఒక సంగతి అడుగుతాను, మరోలా అనుకోకు. మన పెరట్లో గన్నేరు చెట్టు ఉందా? ఉంటే దాని కాయలు ఎవరు కోస్తారు?

గురునాథరావు.


పరవాడ,
31 జనవరి 1984.

గురునాథానికి,

చెట్టు ఉంది. పచ్చగన్నేరు. దాని పూలు కోసి నువ్వు చిన్నప్పుడు విజిల్లా ఊదేవాడివి. ఇప్పుడు దేవుడికి పెడుతున్నాను. కాయలు వాటంతటవే రాలుతాయి.

ఉత్తరంలో అడిగింది చాలక మొన్న నువ్వే వచ్చావు. వచ్చి కూర్చోకుండా పెరట్లోకి వెళ్లి ఆ చెట్టు కింద ఏదో వెతికావు. అన్నం తినమంటే పన్నునొప్పన్నావు. మంచినీళ్లు కూడా బావి దగ్గరకెళ్లి నువ్వే తోడుకు తాగావు. బస్సెక్కేముందు నా మొహం వంక చూశావు చూడు, ఆ చూపు ఈ ఊళ్లో నాకు కొత్త కాదు. నీ మొహంలో చూడడమే కొత్త.

నీ దగ్గర ఏదైనా కాగితం ఉంటే ఉందని చెప్పు.

ఆదిలక్ష్మి.


విశాఖపట్నం,
11 మార్చి 1984.

అప్పా,

ఈ ఉత్తరం చదివి నువ్వు నన్ను తిట్టినా, నీ గుమ్మం తొక్కొద్దన్నా పడతాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రిపోర్టు డిసెంబరు ఇరవై ఎనిమిదినే వచ్చింది. ఎస్సై గారు ట్రైనింగుకి వెళ్లి మార్చి దాకా రారని, ఆయన చూసేలోగా ఇంటివాళ్లు చూసుకుంటే మంచిదని, నరసింహమూర్తి నకలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషులో రెండు పేజీలు. మొదటి పేజీ మీద సీసా నంబరు నూట పద్నాలుగు. దాని కింద, గన్నేరు విషము కలదు అని ఉంది. నా ఇంగ్లీషుకి ఆ మాటలు చాలు. కాగితం అక్కడే మడిచి ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచేశాను. రెండో పేజీ తిప్పలేదు.

అప్పా, నేను నమ్మేశాను. నువ్వు అరుగు మీద అన్న మాటా, ఈ కాగితంలో మాటా ఒకటే అయ్యేసరికి నాకు మతిపోయింది. డెబ్బై మూడు రోజులు ఆ ట్రంకుపెట్టె మీదే మంచం వేసుకుని పడుకున్నాను. నిన్ను పోలీసులకి పట్టించలేక, నీ చేతి ముద్ద తినలేక, ఏం చెయ్యాలో తోచక నీ మీద విసుక్కుంటూ ఉత్తరం రాశాను.

నిన్న పద్మావతి బట్టలు ఎండలో వేద్దామని పెట్టె తీసింది. అది ఏ కాగితం దొరికినా ఆఖరి అక్షరం దాకా చదువుతుంది, పొట్లాం కాగితమైనా సరే. చదువుతూ చదువుతూ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఏవండీ, మీ బావకి కడుపులో నాలుగు అరలేటండీ?" అంది.

రెండో పేజీలో ఉన్నది నీకు తెలుగులో రాస్తున్నాను. "మృతి చెందినది గేదె. ఈడు అయిదేళ్లు. చూడిది. కుడికొమ్ము విరిగినది. కడుపు నాలుగు అరలలో ఒక అరయందు నెమరు వేసిన గడ్డి, గన్నేరు ఆకులు." ఆ నంబరు మీద ఇది ఎలా వచ్చిందో నాకు తెలీదు. సీసా ఎవరిదో తెలీదు. నాకు తెలిసినదల్లా, రెండో పేజీ తిప్పని వెధవని నేనొక్కణ్నే.

నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

గురునాథం.


పరవాడ,
17 మార్చి 1984.

గురునాథానికి,

నీ ఉత్తరం అందింది. రెండు రోజులు జవాబు రాయలేదు. మొదటి రోజు నీ మీద కోపంతో. ఊరు అనుకుంటే ఊరని ఊరుకున్నాను, ఒక కడుపున పుట్టినవాడివి డెబ్బై మూడు రోజులు లెక్కపెట్టి మరీ అనుకున్నావు. బస్తాలు లెక్కపెట్టడం బాగా నేర్చుకున్నావు.

రెండో రోజు నవ్వొచ్చింది. కుడికొమ్ము విరిగిన మీ బావని తలుచుకుని ఒక్కదాన్నీ గడప మీద కూర్చుని నవ్వాను. సూర్యకాంతమ్మ గోడ మీంచి చూసి, ఇక పిచ్చి కూడా ఎక్కిందని ఊళ్లో చెప్పింది. నవ్వీ నవ్వీ ఏడుపొచ్చింది. మీ బావ గడ్డి నెమరు వెయ్యలేదు గానీ, ఒకే మాట ఇరవై నాలుగేళ్లు నెమరు వేశాడు.

సరే. గేదె కాగితం మన దగ్గరికొస్తే, మన కాగితం ఏ గేదె ఇంటికెళ్లిందో కనుక్కో. సంవత్సరీకానికి మూడు నెలలే ఉంది.

ఆదిలక్ష్మి.


విశాఖపట్నం,
22 ఏప్రిల్ 1984.

అప్పకి,

దొరికింది. మొదటి నుంచి చెప్తాను.

రెండో పేజీ చూపించగానే నరసింహమూర్తి బెంచీ మీద కూలబడ్డాడు. ఆ రోజు రైల్లో ఆయన చేతిలో ఉన్నవి రెండు సీసాలు. నూట పద్నాలుగు బావది, నూట పదిహేను చోడవరం దగ్గర పల్లెలో గవర్రాజు అనే రైతు గేదెది. దారిలో మూతలు వదులై ఉప్పునీళ్లు కారి, రెండు నంబరు చీటీలూ ఊడిపోయాయి, వివరాలు రాసి సీలేసిన కవర్లు మాత్రం సీసాలకి అలాగే ఉన్నాయి. "కేరేజీలో అన్నం మెతుకులుంటే, అయెట్టి అతికించీసినాను బాబూ. ఏది దేనిదో గేపకం నేదు" అన్నాడు. మూడుసార్లు జాగ్రత్త అని ఎందుకన్నాడో నాకు తొమ్మిది నెలలకి బోధపడింది.

ఈలోగా ఎస్సై గారు వచ్చి ఫైలు చూసి, "మృతుడు గేదె కాడు, మరల పరీక్షించవలెను" అని లేబరేటరీకి రాశారు. వాళ్లు, "నూట పద్నాలుగు పరీక్షించితిమి, మిగిలినది పారవేసితిమి, ఫలితములో మార్పు లేదు" అని జవాబిచ్చారు. గేదె యజమాని దగ్గరున్న కాగితం తెచ్చి ఇస్తే రెండూ మార్చి నీ కేసు మూసేస్తాననీ, లేకపోతే ఎన్నాళ్లైనా తేలని కేసుగానే ఉంటుందనీ ఎస్సై గారన్నారు.

నిన్న నరసింహమూర్తీ నేనూ గవర్రాజు ఇంటికి వెళ్లాం. అప్పా, బావ రిపోర్టు ఎక్కడుందనుకున్నావు? గోడ మీద, దేవుడి పటాల వరసలో. అద్దం కట్టించి, నాలుగు మూలలా పసుపు కుంకుమ బొట్లు పెట్టారు. ముందర అగరొత్తులు. గవర్రాజు గేదె చచ్చిపోయినప్పుడు పక్కపొలం వీర్రాజు మందు పెట్టాడని కేసు పెట్టాడట. రెండు కుటుంబాలూ కర్రలు పట్టుకుని తిరిగాయట. అంతలో ఈ కాగితం వచ్చింది. బడి మేష్టారు చదివి, విషము లేదు అన్నాడు. మేష్టారు కూడా నాలాగే మొదటి పేజీ దగ్గర ఆగిపోయాడు. గవర్రాజు వెళ్లి వీర్రాజు కాళ్ల మీద పడ్డాడు. ఇప్పుడు ఇద్దరూ ఒక కంచంలో తింటున్నారు. వీర్రాజు తన పాడిగేదెని తెచ్చి గవర్రాజు ఇంట్లో కట్టేశాడు, పిల్లలకి పాలుండాలని.

నేను పటం దించి చూస్తానని అడిగి వెనక పేజీ చదివాను. "అన్నము, వంకాయ ముక్కలు, చిన్న చేపలు. ఏ విధమైన విషమూ లేదు." నీ కూరే అప్పా. ఆఖరి మెతుకు దాకా నీ కూరే. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. గేదె మీద నాకింత ప్రేమ ఏమిటా అని గవర్రాజు నావంక చూశాడు.

నేనేమీ చెప్పలేదు. కానీ పటంలోలాంటి కాగితమే నా జేబులో కూడా కనిపించేసరికి వీర్రాజు మొహం పాలిపోయింది. బస్సు దగ్గరికి మా వెనకే వచ్చి, "ఆకులు కోసి ఏసినోణ్ని నానే బాబూ. నా సేను మేసేసిందని కోపం. ఈ కాయితం ఒచ్చిన్నాడు గవర్రాజు నా కాళ్లట్టుకుని ఏడిసినాడు. అది సూసినాక ఎలాగ సెప్పీది?" అన్నాడు. ఎప్పటికైనా తన నోటితో తనే చెప్పుకుంటాననీ, కొంచెం వ్యవధి కావాలనీ బతిమాలాడు.

పటం తెస్తే నీ కేసు మూసేస్తారు. అక్కడ కర్రలు లేస్తాయి. నరసింహమూర్తి ఉద్యోగమూ పోవచ్చు. అయినా నీకంటే ఎవరూ ఎక్కువ కాదు. నువ్వు ఊ అంటే రేపే వెళ్లి తెస్తాను.

గురునాథం.


పరవాడ,
29 ఏప్రిల్ 1984.

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావ ఫొటో ముందు పెట్టి మూడుసార్లు చదివాను. మేం ఇక్కడ ఆయనకి తిన్నగా ఒక దండ కూడా వెయ్యలేకపోయాం. అక్కడెవరో రోజూ బొట్టు పెట్టి అగరొత్తులు వెలిగిస్తున్నారు. బతికుండగా ఏ ఇద్దరి తగువూ తీర్చింది లేదు, ఉన్న తగువు పెంచేవాడు. పోయాక ఒక మంచిపని చేశాడు. దాన్ని నేను గోడ మీంచి దించను.

వీర్రాజుని అతని నోటితోనే చెప్పుకోనీ. నోరు జారిన మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. నోట్లో ఉండిపోయిన మాట ఎంత బరువో అతనికి తెలిసే ఉంటుంది.

కానీ నాకు ఒకటి కావాలి. సంవత్సరీకానికి వాళ్లిద్దర్నీ, ఆ కానిస్టేబుల్నీ తీసుకురా. ఏ చుట్టరికమని అడిగితే, మా బావ సీసా, మీ గేదె సీసా ఒకే రైల్లో ప్రయాణం చేశాయి, ఆ చుట్టరికమని చెప్పు. అబద్ధం కాదు గదా. మొదటి బంతిలో నాలుగు విస్తళ్లైనా ఖాళీ కావాలి. నాలుగోది నీదని రాయనక్కర్లేదు. అన్నట్టు ఈసారి ఏ నొప్పి వస్తుందో ముందే కార్డు రాయి.

నీ అప్ప.


విశాఖపట్నం,
30 మే 1984.

అప్పకి,

వాళ్లు వస్తున్నారు. గవర్రాజు సీసా చుట్టరికానికి చాలా సంతోషించాడు. నరసింహమూర్తి కూడా వస్తాడు. డ్యూటీ నుంచి తిన్నగా రావడం, యూనిఫారంలోనే ఉంటాడు.

నాకు ఏ నొప్పీ లేదు. ఆ రోజు పోర్టుకి ఏ ఓడొచ్చినా సముద్రంలోనే ఉండమంటాను.

గురునాథం.


పరవాడ,
14 జూన్ 1984.

తమ్ముడు గురునాథానికి,

మీరు క్షేమంగా చేరారని తలుస్తాను. నువ్వు పెరట్లో నీళ్లు తోడుతున్నప్పుడు వీధిలో జరిగింది నీకు తెలీదు, అందుకని రాస్తున్నాను.

గవర్రాజు కళ్లజోడు పెట్టుకుని, వీర్రాజు గొడుగు పట్టుకుని, మధ్యలో పోలీసు నడుస్తూ వీధిలోకి వచ్చేసరికి ఊరు ఊరంతా అరుగుల మీదికి చేరింది. సూర్యకాంతమ్మ నరసింహమూర్తిని ఆపి, వీళ్లు లేబరేటరీ వాళ్లేనా అని అడిగింది. ఆయన, "ఆ లేబరేటరీ పనిలోనే తెలిసినోళ్లమ్మా" అన్నాడు. అంతే, ప్రభుత్వం స్వయంగా తిని చూడ్డానికి మనుషుల్ని పంపిందని క్షణంలో ఊరంతా పాకిపోయింది.

తరవాతది నువ్వూ చూశావు. మీరు నలుగురూ కూర్చున్నారు. గవర్రాజుకి అదేం అలవాటో, కూర వేళ్లతో విడదీసి, వాసన చూసి, కొంచెం నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గోడల మీంచి తొంగిచూసేవాళ్లు ఊపిరి బిగబట్టారు. ఆయన కళ్లు తెరిచి, పెద్ద ముద్ద కలిపాడు. వీర్రాజు తల వంచుకుని విస్తరి అద్దంలా తుడిచేశాడు. రెండో బంతికి ఎవర్నీ పిలవనక్కర్లేకపోయింది. డెబ్బై మంది తిన్నారు. విస్తళ్లు చాలక సూర్యకాంతమ్మ పరుగెత్తి తనింట్లోవి తెచ్చింది, తనూ కూర్చుంది. మూడో పార్టీ వాళ్లు ఆ గడియారం సంగతి ఇంకా తేలాలంటూనే రెండు బంతుల్లోనూ తిన్నారు.

నేను ఎవర్నీ చూడలేదు. నీ చెయ్యే చూశాను. మొదటి ముద్ద దగ్గర ఆగింది. తరవాత ఆగలేదు. రెండోసారి కూర వెయ్యమని నువ్వు విస్తరి ముందుకి జరిపావు. ఆ డెబ్బై మూడు రోజులూ అప్పుడే నీ లెక్కలోంచి కొట్టేశాను. ఇంక వాటి గురించి రాయకు.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. ఆకలి లేదని నీకు రాసేదాన్ని. ఆకలి ఉంది. భయం వేసేది. ఆ రోజు కేరేజీ సర్దుతున్నప్పుడు నా కోపం ఇంకా చల్లారలేదు. నేను ఏమీ కలపలేదని నాకు తెలుసు, అయినా నా నోటి మాటే కూరలో పడిందేమోనని ఏడాదిగా నా చేతి ముద్ద నేను తినలేదు. ఊరు నమ్మలేదని నీకు రాశాను గానీ, అందరికంటే ముందు మానేసినదాన్ని నేనే.

మీరంతా వెళ్లాక, గిన్నె అడుగున కూర కొంచెం మిగిలితే విస్తరి వేసుకుని కూర్చున్నాను. ఉప్పు కషాయమైపోయింది రా. మీ కోసం వీధి వంక చూస్తూ రెండుసార్లు వేసినట్టున్నాను. డెబ్బై మంది తిన్నారు, ఒక్కరూ ఆ మాట అనలేదు. నువ్వు రెండోసారి కూడా అడిగావు.

మీ బావైతే చెప్పేవాడు.

నీ అప్ప,
ఆదిలక్ష్మి.